తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో వాన, వరద, కొండచరియలు, పిడుగులు: ముందే పసిగట్టే సాధనాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు మధ్యలో ఈశాన్య గాలి తిరిగిందంటే ఇక డిసెంబరు దాకా తిరుపతిలో, చిత్తూరులో, చుట్టుపక్కల పల్లెల్లో ఇవే ప్రశ్నలు వినబడతాయి. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లు మరీ పట్టుబట్టి అడుగుతారు. ఏ సాధనం ఏం చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ ఇక్కడ రాశాను. ప్రాణాల మీదికి తెచ్చేది ఆ రెండోదే కాబట్టి దానికి ఎక్కువ చోటిచ్చాను.

శ్రీహరికోటలో అంత పెద్ద రాడార్ ఉంది కదా, తిరుపతిలో ఎంత వాన పడుతుందో కచ్చితంగా ఎందుకు చెప్పలేరు?

శ్రీహరికోటలో ఉన్నది డాప్లర్ రాడార్. సుమారు 10 సెంటీమీటర్ల పొడవుండే తరంగాలను మబ్బుల్లోకి పంపుతుంది. చినుకులకు తగిలి తిరిగొచ్చిన తరంగం ఎంత బలంగా ఉందో చూసి వాన తీవ్రతను అంచనా కడుతుంది. చినుకులు తన వైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా అన్నది కూడా ఆ తరంగంలో వచ్చిన మార్పే చెబుతుంది. బంగాళాఖాతం మీద మేఘాలు గుంపు కడుతుండగానే చూడగలదు కాబట్టి, రెండు మూడు గంటల ముందు చెప్పే హెచ్చరికలకు రాడారే ఆధారం.

చిక్కు దూరంతో వస్తుంది. శ్రీహరికోట నుంచి తిరుపతి నేరుగా సుమారు 90 కిలోమీటర్లు. అర డిగ్రీ ఎత్తున పంపిన కిరణం, ఆ ఏటవాలు, భూమి వంపు కలిసి, ఇక్కడికి చేరేసరికి సముద్రమట్టానికి కిలోమీటరుకు పైనే ఉంటుంది. తిరుమల ఎత్తు అంతకంటే తక్కువ. సముద్రం నుంచి తేమతో వచ్చిన గాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేస్తుంది, ఆ వాలు మీదే చిక్కగా కురుస్తుంది. ఆ వానలో కొంత భాగం రాడార్ కిరణం కిందనే జరిగిపోతుంది. అందుకే రాడార్ లెక్కను నేల మీది వానమాపకాల లెక్కతో సరిచూడాలి. కొండల్లో వానమాపకాలు పలచగా ఉంటే ఆ సరిచూడటం కూడా పలచగానే ఉంటుంది. కొత్త రాడార్ల కన్నా ముందు కొండ వాలుల మీద, చెరువుల ఎగువన మరిన్ని ఆటోమేటిక్ వానమాపకాలు కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

మరి గాదంకి రాడార్?

చిత్తూరు రోడ్డులో పాకాల దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అంతరిక్ష విభాగం కిందిది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద, 1024 యాగీ యాంటెన్నాలతో పనిచేస్తుంది. నెత్తిన ఉన్న గాలిని నిలువుగా చదవడం దాని పని: ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోంది, ఎంత వేగంతో పైకి లేస్తోంది అని. ఉరుము మబ్బుల లోపలి కదలికలను అర్థం చేసుకోవడానికి ఆ సమాచారం విలువైనది. అయితే అది పరిశోధన రాడార్. మీ ఊరి మీదికి మబ్బు వస్తోందని మెసేజ్ పంపే యంత్రం కాదు.

“తుపాను కాదు, వాయుగుండమే” అని వార్తల్లో చెబుతారు. అంటే భయం లేనట్టేనా?

ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అనే వరుస గాలి వేగాన్ని బట్టి పెట్టింది. వాన ఎంత పడుతుందో ఆ పేరు చెప్పదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది వాయుగుండమే. తిరుపతిలో వీధులు ఏరులైనది, కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది దానివల్లే.

తీరం దాటే చోటు కూడా అంతే. 2020 నవంబరులో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర దాటితే చిత్తూరు జిల్లా తడిసి ముద్దయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆలోపే తిరుపతి జిల్లాను ముంచింది. కాబట్టి టీవీలో తుపాను గీత మన ఊరి మీదుగా పోతోందా అని చూడకండి. ఆ రోజు వాన అంచనా మ్యాపులో మన జిల్లా రంగు చూడండి.

ఆరెంజ్, రెడ్ అలర్ట్ వస్తే మా వీధికి వర్తిస్తుందా?

ఆ రంగులు జిల్లా మొత్తానికి ఇస్తారు. తిరుపతి జిల్లా అంటే ఒక చివర పులికాట్ ఒడ్డు, ఇంకో చివర శేషాచలం. ఒకే రంగు కింద రెండు చోట్లా ఒకే వాన పడదు.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. అది దాటితే అత్యంత భారీ. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే కదలండి అని అర్థం. ఆరెంజ్ వచ్చిన రాత్రి బండిని లోతట్టు సెల్లార్ నుంచి తీసి పెట్టడం, పశువులను వంక ఒడ్డు నుంచి మార్చడం, పత్రాలు పైఅరలో పెట్టడం లాంటి పనులు చేయాలి. వాన రాకపోతే పోయేది అరగంట శ్రమే.

పేపర్లో పడే వాన లెక్క మేం చూసినదానికి ఎందుకు సరిపోదు? ఇంట్లో కొలవొచ్చా?

పేపర్లో వేసేది నిన్న ఉదయం 8:30 నుంచి ఈరోజు ఉదయం 8:30 దాకా పడినది, అదీ మండలంలో ఒకటో రెండో చోట్ల కొలిచినది.

ఇంట్లో తప్పకుండా కొలవండి. అడుగు నుంచి పై దాకా ఒకే వెడల్పుతో నిటారుగా ఉన్న గిన్నె గానీ డబ్బా గానీ, చెట్టూ చూరూ అడ్డం లేని చోట, నేల చిందులు పడని ఎత్తులో పెట్టండి. అందులో నిలిచిన నీటి లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో చదివితే అదే వానపాతం. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. 100 మిల్లీమీటర్లు ఒక చదరపు కిలోమీటరు మీద పడితే 10 కోట్ల లీటర్లు. మీ ఊరి చెరువుకు ఎగువన ఎన్ని చదరపు కిలోమీటర్ల కొండ ఉందో తెలిస్తే, ఆ రాత్రి చెరువుకు ఏం రాబోతోందో మీరే లెక్క వేసుకోవచ్చు. కొంత నేల తాగేస్తుంది. ముందు వారం అంతా తడిసిన నేల మాత్రం దాదాపు ఏమీ తాగదు. 2021 నవంబరు 18 నాటికి నేల అప్పటికే నిండా తడిసి ఉంది.

చెరువు కట్ట తెగబోతోందని ఉపగ్రహం పసిగడుతుందా?

మన జిల్లాలకు ఇదే అసలు ప్రశ్న. ఇక్కడ పెద్ద నది లేదు. వేల చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి మొరవ, అంటే మిగులు నీళ్లు పోయే దారి, పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. పైదానికి గండి పడితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి. గొలుసులో ఎక్కడ తెగినా కింద ఉన్నవన్నీ ప్రమాదంలో పడతాయి.

ఉపగ్రహం చెరువు ఎంత విస్తీర్ణంలో నిండిందో చెబుతుంది. మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహానికి మబ్బులుంటే ఏమీ కనబడదు, మనకు అవసరమైన రోజు మబ్బులే ఉంటాయి. రాడార్ ఉపగ్రహాలు, అంటే 2022 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఈఓఎస్-04 లాంటివి, మబ్బును దాటి చూస్తాయి. నిశ్చలంగా ఉన్న నీరు ఆ తరంగాలను పక్కకు నెట్టేస్తుంది కాబట్టి చిత్రంలో నల్లగా కనబడుతుంది. ఎంత మేర మునిగిందో అలా గుర్తిస్తారు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరదలప్పుడు ఇచ్చే మ్యాపులు ఇలా తయారయ్యేవే.

కానీ అది మీ ఊరి మీదుగా రోజూ పోదు. పైగా కట్ట లోపల మట్టి కొట్టుకుపోవడం పై నుంచి కనబడదు. 2021 నవంబరులో రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చినప్పుడు దాన్ని పట్టింది మనుషుల కళ్లే. కింది ఊళ్లను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు వేసి ఆ విజయనగర కాలపు కట్టను నిలబెట్టారు. పెద్ద చెరువులకు నీటిమట్టం సెన్సర్లు, కట్ట లోపలి నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్లు పెట్టడం సాధ్యమే, పెట్టాలి కూడా. కానీ ప్రతి ఊరి చెరువుకూ అవి వచ్చేదాకా కట్ట మీద నడిచే మనిషే మన సెన్సర్.

కట్ట మీద నడిచినప్పుడు ఏం చూడాలి?

కట్ట వెనుక వాలు చూడండి, నీళ్ల వైపు కాదు. అక్కడ ఊట కనబడితే ఆ నీళ్ల రంగు చూడండి. తేటగా, ఎప్పటిలా సన్నగా కారుతుంటే గమనిస్తూ ఉండొచ్చు. బురదగా మారినా, గంటగంటకీ పెరుగుతున్నా కట్టలోంచి మట్టి కొట్టుకొస్తున్నట్టే, లోపల సొరంగం తయారవుతున్నట్టే. ఆ క్షణమే ఫోన్ చేసి, కింది ఇళ్లవాళ్లను లేపాలి. మొదట బస్తాల కోసం పరుగెత్తడం కన్నా మనుషులను కదిలించడం ముఖ్యం.

తూము గోడ చుట్టూ పగుళ్లు, కట్ట పైభాగం ఒకచోట కుంగడం, ఎలుక బొరియలు, పుట్టలు, కట్ట మీద పెరిగిన తుమ్మ చెట్ల వేళ్లు కూడా చూడాలి. వీటిని వానాకాలంలో కనిపెట్టి లాభం తక్కువ, వేసవిలోనే చూసి బాగుచేయాలి. మొరవ ముందు ముళ్లకంప, చేపల వలలు అడ్డం ఉంటే తీసేయండి. నీళ్లు మొరవ గుండా పోలేకపోతే కట్ట మీదుగా పోతాయి. మట్టికట్ట అది తట్టుకోదు.

స్వర్ణముఖికి వరద వస్తుందని ముందు ఎంత సేపు తెలుస్తుంది?

గోదావరికి వరద వస్తోందంటే రోజుల ముందు తెలుస్తుంది. ఎగువన మహారాష్ట్రలో, తెలంగాణలో నీటిమట్టం చూసి లెక్క కట్టొచ్చు. స్వర్ణముఖి చిన్న నది. చంద్రగిరి వైపు కొండల్లో పడిన వాన కొన్ని గంటల్లోనే తిరుపతి, శ్రీకాళహస్తి దిశగా వచ్చేస్తుంది. కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తితే ఆ సమయం ఇంకా తగ్గుతుంది.

ఇలాంటి చోట్ల పనికొచ్చేది మెరుపు వరదల మార్గదర్శక వ్యవస్థ. వాతావరణ శాఖ 2020 అక్టోబరులో దక్షిణాసియా దేశాలకు కలిపి దీన్ని మొదలుపెట్టింది. నేల ఎంత తడిసి ఉందో, ఇంకెంత వాన పడితే వాగు పొంగుతుందో చిన్నచిన్న పరీవాహక ప్రాంతాల వారీగా లెక్క కట్టి, ఆరు గంటల ముందు ముప్పును, 24 గంటల ముందు అవకాశాన్ని ఇస్తుంది. ఈ ఆరు గంటలు కలెక్టరేట్ నుంచి తహసీల్దారుకు, అక్కడి నుంచి సచివాలయ సిబ్బందికి, అక్కడి నుంచి మీ గడపకు చేరేసరికి ఎన్ని మిగులుతాయన్నదే నన్ను వేధించే విషయం. మీ వార్డు సచివాలయంలో ఈ సమాచారం ఎవరి ఫోన్‌కు వస్తుందో వానలు మొదలవకముందే అడిగి తెలుసుకోండి.

నీళ్లు పారుతున్న కాజ్‌వే దాటవద్దని ఎన్నిసార్లైనా చెబుతాను. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్లుంటే మనిషి కాలు జారుతుంది. 30 ఉంటే చిన్న కారు తేలుతుంది. 60 ఉంటే చాలా వాహనాలను ఈడ్చుకుపోతుంది. తిరుపతి వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలాంటి చోట్ల రాత్రిపూట లోతు కంటికి ఆనదు.

తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడేది ముందే తెలుసుకోలేరా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. అసలు ఎందుకు పడతాయో ముందు చూద్దాం. ఘాట్ రోడ్డులో భూగర్భ శాఖ గుర్తించిన ఒక వారసత్వ స్థలం ఉంది. అక్కడ కింద పాత గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ పొరలు కనబడతాయి. రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం. ఆ క్వార్ట్‌జైట్ చాలా గట్టి రాయి, కానీ నిలువునా అడ్డంగా పగుళ్లతో నిండి ఉంటుంది. వాన నీరు పగుళ్లలో నిండి లోపలి నుంచి నెడుతుంది. చెట్ల వేళ్లు వాటిని వెడల్పు చేస్తాయి. రోడ్డు కోసం కొండను కోసినచోట ఆ దిమ్మెలకు ముందు వైపు ఆధారం ఉండదు. 2021 డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడింది ఇలాగే. ఆ తర్వాత ఐఐటీ నిపుణులు వచ్చి చూశారు.

సాంకేతికంగా చేయగలిగేవి: డ్రోన్‌తో, లేజర్ స్కానర్‌తో కొండముఖాన్ని మూడు కొలతల్లో నమూనా తీసి ఏ దిమ్మె ఎటు జారగలదో లెక్కగట్టడం, పగులు వెడల్పు, వాలు మార్పును కొలిచే సెన్సర్లు అతికించడం, ఉపగ్రహ రాడార్ చిత్రాలను పోల్చి నేల కదలికను చూడటం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం 12 రోజులకొకసారి అదే చోటును చూస్తుంది. దాని పొడవాటి ఎల్-బ్యాండ్ తరంగం ఆకుల మధ్య నుంచి నేలను చేరగలదు. శేషాచలం లాంటి అడవికి ఇది మంచి వార్త. మెల్లగా జారే వాలును అది పట్టగలదు. ఒక్కసారిగా ఊడిపడే బండను పట్టలేదు, అక్కడ వాన పరిమితే మేలైన హెచ్చరిక: ఇన్ని గంటల్లో ఇంత వాన దాటితే రోడ్డు మూసేయడం. మూసినప్పుడు భక్తులు ఆగ్రహించకుండా సహకరించాలి. దర్శనం టికెట్ పోతుందని దిగులు పడేవాళ్ల బాధ నాకు తెలుసు, అయినా ఇదే చెబుతాను.

నడకదారిలో వాన పడుతుండగా చిన్న రాళ్లు దొర్లడం, ఊటనీరు ఉన్నట్టుండి ఎర్రబారడం, కొండలోంచి పెళపెళ శబ్దం వినబడటం గమనిస్తే కొండ పక్క నుంచి తప్పుకుని సిబ్బందికి చెప్పండి.

ఇల్లో స్థలమో కొనే ముందు ముంపు ముప్పు ఎలా తెలుసుకోవాలి?

మూడు విషయాలు కలిపి చూడాలి: అక్కడికి నీళ్లు వస్తాయా, వస్తే ఏం మునుగుతుంది, మునిగితే ఆ ఇల్లు, ఆ మనుషులు ఎంత తట్టుకోగలరు. అదే నీళ్లు మేడ ఇంటికి చీకాకు, మట్టిగోడ ఇంటికి ప్రాణాపాయం.

ఇస్రో భువన్ పోర్టల్‌లో, గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు తిప్పి చూడండి. మీ ప్లాటు మీద ఒకప్పుడు నీటి మెరుపు గానీ పచ్చటి వంక గీత గానీ ఉందేమో కనబడుతుంది. రెవెన్యూ రికార్డులో చెరువు పోరంబోకు, వంక పోరంబోకు అని ఉందేమో చూడండి. తిరుపతి చుట్టూ పేరూరు, అవిలాల చెరువుల కింద ఊరు ఎలా పెరిగిందో అందరికీ తెలిసిందే. ఉచితంగా దొరికే ఎత్తుల మ్యాపులను మాత్రం వీధి స్థాయిలో నమ్మకండి. వాటిలో ఒక్కో చుక్క 30 మీటర్లు, ఎత్తులో మీటర్ల తేడా రావచ్చు. మోకాలి లోతు ముంపును అవి చెప్పలేవు. అక్కడ ఇరవై ఏళ్లుగా అంగడి నడుపుతున్న మనిషిని అడగండి.

పిడుగు హెచ్చరికలు నమ్మవచ్చా?

నమ్మండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం చేసిన దామిని యాప్ మీకు 20, 40 కిలోమీటర్ల పరిధిలో ఇప్పుడే పడిన మెరుపులను చూపిస్తుంది. మెరుపు నుంచి వెలువడే రేడియో తరంగం వేర్వేరు చోట్ల సెన్సర్లకు చేరిన సమయాల తేడాను బట్టి స్థలాన్ని లెక్క కడతారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా సందేశాలు కూడా పంపుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మామిడి కోతల్లో, వేరుశనగ చేలల్లో ఉండేవాళ్లకు ఇది అత్యవసరం. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి మూడు సెకన్లూ ఒక కిలోమీటరు. ఉరుము వినబడిందంటే పిడుగు అందే దూరంలో ఉన్నట్టే. చెట్టు కిందికి పోకండి, కప్పున్న ఇంట్లోకో మూసిన కారులోకో వెళ్లండి.

శేషాచలం అడవి మంటలు?

అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల వేడి గుర్తులను చూసి సిబ్బంది ఫోన్లకు పంపుతుంది. ఆ ఉపగ్రహాల్లోని మోడిస్ అనే పరికరం చూపు ఒక కిలోమీటరు మేరది, విర్స్ అనే పరికరానిది 375 మీటర్లు. ఉపగ్రహం పోయిన తర్వాత అంటుకున్న మంట తర్వాతి చుట్టు దాకా దొరకదు. 2014 మార్చిలో మంటలు తిరుమల దాకా పాకినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

భూకంపాన్ని ముందే చెప్పే యాప్ ఉందని పంపారు. నిజమేనా?

ఫలానా రోజున వస్తుందని చెప్పగల సాధనం ప్రపంచంలో ఎక్కడా లేదు. వచ్చాక, ముందుగా చేరే తక్కువ హాని తరంగాన్ని పసిగట్టి, వెనక వచ్చే బలమైన తరంగం కంటే కొన్ని సెకన్ల ముందు హెచ్చరించడం మాత్రమే సాధ్యం. 2022 ఏప్రిల్ 3న తిరుపతికి ఈశాన్యంగా వచ్చిన 3.6 తీవ్రత ప్రకంపనల లాంటివి వచ్చినప్పుడు, జాతీయ భూకంప కేంద్రం భూకంప్ యాప్‌లో వివరాలు చూడండి.

సూళ్లూరుపేట, వాకాడు తీరంలో సునామీ హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం నుంచి. 2007 అక్టోబరు నుంచి అక్కడి కేంద్రం సముద్రగర్భంలోని పీడన యంత్రాలను, తీరంలోని ఆటుపోటు మాపకాలను గమనిస్తోంది. మన తీరానికి తరచుగా వచ్చేది మాత్రం తుపానుతో వచ్చే ఉప్పెన. దాన్నీ ఇన్‌కాయిస్ ముందుగా అంచనా వేస్తుంది.

వాట్సాప్‌లో వచ్చే రాడార్ బొమ్మలను ఎలా పరీక్షించాలి?

బొమ్మ మీద ఉన్న తేదీ, సమయం చూడండి. వాతావరణ శాఖ బొమ్మల మీద యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. ఆ లెక్క వేస్తే చాలా ఫార్వర్డ్‌లు నిన్నటివని తేలిపోతుంది. జాతీయ విపత్తుల సంస్థ సచేత్ యాప్‌లో తెలుగులోనే అధికారిక హెచ్చరికలు వస్తాయి. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా గట్టిగా మోగే సందేశం వస్తే, అది మీరున్న సెల్ టవర్ పరిధి కోసం పంపిందే, కొట్టేయకుండా చదవండి.

ప్రమాదం కనబడితే ఎవరికి చెప్పాలి?

112 ఎక్కడి నుంచైనా. రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్‌కు 1070 గానీ 1800 425 0101 గానీ. జిల్లా కంట్రోల్ రూమ్‌కు 1077. చెరువు పేరు, ఊరు, మండలం, ఎన్ని గంటలకు చూశారు, ఊట తేటదా బురదా అన్నవి ముందు చెప్పండి. ఫోటో తీయగలిగితే లొకేషన్‌తో సహా పంపండి.

వరద తగ్గాక మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. గోడ మీద నీళ్లు ఆగిన గీత ఎండిపోకముందే దాని మీద పెయింటుతో తేదీ రాయండి, నేల నుంచి ఎత్తు కొలిచి రాసుకోండి, లొకేషన్‌తో ఫోటో తీయండి. స్కూలు గోడ, గుడి మండపం, రైల్వే గోడ లాంటి చెరగని చోట్లు మంచివి. ఇంజనీర్లు కంప్యూటర్లో వేసే ముంపు నమూనా సరైనదో కాదో తేల్చేది ఇలాంటి గీతలే. అవి లేకపోతే నమూనా ఊహగానే మిగులుతుంది. మీ వీధిలో 2021 గీతలు ఇంకా మిగిలి ఉంటే ఈ వేసవిలోనే, సున్నం వేయించకముందే కొలిచి సచివాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.